పట్టుపురుగుల షెడ్డులో ఉష్ణోగ్రత: ఇంటి వాతావరణ యంత్రానికి అదనపు సెన్సార్లు అమర్చే విధానం

(సరిహద్దు గ్రామాల మల్బరీ రైతులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు గ్రామాల్లో ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ నడుస్తుంది. ఒకరు మల్బరీ అంటారు, ఒకరు తూతి అంటారు. ఒకరు పట్టు అంటారు, ఒకరు రేషీమ్ అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే, ఆ పనిలో వచ్చే కష్టనష్టాలూ ఒక్కటే. అందులో ముఖ్యమైన ఒక విషయం గురించి, అంటే షెడ్డులోని వేడి, తేమ తెలుసుకునే పద్ధతి గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

పురుగు ఒంటికి సొంత వేడి లేదు

ఆవుకు, మేకకు, మనిషికి ఒంట్లో సొంత వేడి ఉంటుంది. బయట ఎండ ఉన్నా, చలి ఉన్నా ఒంటి వేడి పెద్దగా మారదు. పట్టుపురుగు అలా కాదు. గది ఎంత వేడిగా ఉంటే పురుగు ఒళ్ళు కూడా దాదాపు అంతే వేడిగా ఉంటుంది. గది చల్లబడితే పురుగు మేత తగ్గిస్తుంది, పెరుగుదల మందగిస్తుంది, పంట రోజులు పెరుగుతాయి. గది మరీ వేడెక్కితే మేత అరగదు, ఒంట్లో శక్తి తగ్గి రోగాలకు లొంగుతుంది.

సుమారుగా 20 డిగ్రీల సెంటీగ్రేడు కన్నా తగ్గినా, 30 డిగ్రీలు దాటినా పురుగుకు ఇబ్బంది మొదలవుతుంది. తెల్లగూళ్ళు కట్టే బైవోల్టీన్ సంకర జాతులు పచ్చగూళ్ళ జాతుల కన్నా వేడికి త్వరగా దెబ్బతింటాయి. ఇప్పుడు మన ప్రాంతంలో ఎక్కువగా పెంచుతున్నది బైవోల్టీనే కనుక ఈ మాట మనకు మరీ ముఖ్యం.

ఏ దశలో ఎంత ఉండాలో మరొకసారి గుర్తు చేస్తున్నాను.

1వ దశ: 27 నుండి 28 డిగ్రీలు, గాలిలో తేమ 85 నుండి 90 శాతం.
2వ దశ: 27 డిగ్రీలు, తేమ 85 శాతం.
3వ దశ: 26 డిగ్రీలు, తేమ 75 నుండి 80 శాతం.
4వ దశ: 25 డిగ్రీలు, తేమ 70 నుండి 75 శాతం.
5వ దశ: 24 డిగ్రీలు, తేమ 65 నుండి 70 శాతం.
గూడు కట్టే సమయం: 24 నుండి 25 డిగ్రీలు, తేమ 60 నుండి 65 శాతం.

చాకీ పురుగులకు వేడి, తేమ ఎక్కువ కావాలి. పెద్ద పురుగులకు రెండూ తగ్గాలి, గాలి బాగా ఆడాలి. మీలో చాలామంది చాకీ కేంద్రం నుండి రెండవ జ్వరం దాటిన పురుగులను తెచ్చుకుంటున్నారు. కాబట్టి మీ షెడ్డులో చూసుకోవలసినది ముఖ్యంగా 3, 4, 5 దశలు, గూడు కట్టే రోజులు. పురుగు తన జీవితకాలంలో తినే ఆకులో 80 శాతానికి పైగా 5వ దశలోనే తింటుంది. అంటే మీ తోట, మీ కూలి, మీ ఇంటి ఆడవారి శ్రమ మొత్తం వచ్చి చేరేది ఆ చివరి వారంలోనే. ఆ వారంలో రెండు మధ్యాహ్నాలు షెడ్డు మండిపోతే నష్టం ఎంత ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

ఒక్క అంకె చాలదు

ఈ మధ్య చాలా ఇళ్ళలో చిన్న వాతావరణ యంత్రాలు కనిపిస్తున్నాయి. గోడకు ఒక తెర, బయట ఒక చిన్న డబ్బా. బయటి డబ్బాలోని సెన్సారు వేడి, తేమ కొలిచి తీగ లేకుండా రేడియో అలల ద్వారా తెరకు పంపుతుంది. కొందరు ఫోనులో నాందేడ్ ఉష్ణోగ్రత చూసుకుంటారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2017 నుండి రెవెన్యూ మండళ్ళ వారీగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలను నెలకొల్పింది. ఇవన్నీ మంచివే. వాన ఎప్పుడు, ఎండ ఎంత, మందు ఎప్పుడు చల్లాలి అన్న విషయాలకు పనికి వస్తాయి.

అయితే వాతావరణ కేంద్రం చెప్పే అంకె నీడలో, గాలి ఆడే చోట, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున కొలిచిన గాలి వేడి. మీ రేకుల షెడ్డులో పై అర దగ్గర ఉన్న వేడి అది కాదు. రేకు ఎండకు కాలుతుంది, ఆ వేడి కిందికి దిగుతుంది. వేడి గాలి తేలిక కనుక పైకి చేరి అక్కడే నిలుస్తుంది. అందువల్ల ఒకే షెడ్డులో కింది అర, పై అర, పడమటి గోడ, తలుపు పక్క, ఈ నాలుగు చోట్లా నాలుగు రకాల వాతావరణం ఉంటుంది.

దీని ఫలితం మీరు చూసే ఉంటారు. పై అర పురుగులు ముందు జ్వరానికి కూర్చుంటాయి, కింది అర పురుగులు ఇంకా మేస్తూనే ఉంటాయి. ఒకే రోజు తెచ్చిన పురుగులు రెండు ఈడులుగా విడిపోతాయి. అన్నింటికీ ఒకేసారి మేత ఆపలేము, ఒకేసారి మొదలుపెట్టలేము. జ్వరం దాటినవి 95 శాతం అయ్యాకే మేత వేయాలని చెబుతాము గదా. షెడ్డు వేడి సమంగా లేకపోతే ఆ లెక్క కుదరదు. కావున షెడ్డులో ఒక్క చోట కాక, రెండు మూడు చోట్ల కొలత ఉండాలి.

ఇది కొత్త ఆలోచన కాదు

ఇటలీలో విన్సెంజో దండోలో అనే పెద్దమనిషి 1815లో పట్టుపురుగుల పెంపకంపై ఒక గ్రంథం ప్రచురించాడు. అలవాటు మీద, అంచనా మీద పురుగులను పెంచే రోజుల్లో, పెంపకపు గదిలో ఉష్ణమాపకం, తేమ మాపకం తప్పక ఉండాలని గట్టిగా చెప్పినవాడు ఆయన. మన దేశంలో కూడా పట్టు పరిశ్రమ శాఖలు ఎన్నో ఏళ్ళుగా తడి, పొడి బల్బుల ఉష్ణమాపకాన్ని షెడ్డులో వేలాడదీయమని చెబుతున్నాయి. పొడి బల్బు 25, తడి బల్బు 21 చూపితే తేమ సుమారు 70 శాతం అని మీకు తెలుసు. ఆ పాత పరికరాన్ని పారేయకండి. కొత్త సెన్సార్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి అదే సాక్షి.

కొత్త సెన్సార్ల వల్ల కలిగే అదనపు లాభం మూడు విధాలు. షెడ్డు తలుపు తీయకుండానే, ఇంట్లో కూర్చునే లోపలి సంగతి తెలుస్తుంది. రాత్రి ఎంతకు పడిపోయిందో, మధ్యాహ్నం ఎంతకు పెరిగిందో యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. హద్దు దాటితే గంట మోగుతుంది.

సెన్సార్లు జోడించే క్రమం

సాధారణంగా ఇటువంటి తెర మూడు సెన్సార్ల దాకా చూపుతుంది. కొన్ని రకాలు ఎనిమిదింటి వరకు చూపుతాయి. కొనే ముందు మీ తెర ఎన్నింటిని స్వీకరిస్తుందో, అదే రకం సెన్సారు విడిగా దొరుకుతుందో లేదో అడిగి తెలుసుకోండి. ఒక కంపెనీ సెన్సారు మరొక కంపెనీ తెరకు చాలా సార్లు కలవదు.

మొదట, ప్రతి సెన్సారు వెనుక ఉన్న చిన్న మీటతో దానికి 1, 2, 3 అని వేర్వేరు చానల్ నంబరు పెట్టండి. రెండింటికి ఒకే నంబరు ఉంటే తెర మీద అంకెలు గందరగోళమవుతాయి.

రెండవది, బ్యాటరీలు వేసి, సెన్సార్లను తెర పక్కనే పెట్టి అన్నీ కలిసేదాకా ఆగండి. కలిశాక ఒక్కొక్క దాని మీద పెద్ద అక్షరాలతో ఏ చోటిదో రాయండి.

మూడవది, అన్నింటినీ ఒకే బల్ల మీద, పాత ఉష్ణమాపకం పక్కన ఒక రాత్రి ఉంచండి. తెల్లవారాక అంకెలు చూడండి. తక్కువ ధర సెన్సార్లలో ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా సహజం. ఏది ఎంత ఎక్కువ చూపుతోందో, ఎంత తక్కువ చూపుతోందో డబ్బా మీదనే రాసుకోండి. తర్వాత చదివేటప్పుడు ఆ తేడా సరిచేసుకోవచ్చు. ఈ పని చేయకుండా పై అర వేడిగా ఉంది, కింది అర చల్లగా ఉంది అని నిర్ణయించకూడదు. ఆ తేడా షెడ్డుది కాక సెన్సారుది కావచ్చు.

తేమ కొలత సరిచూడటానికి ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. చిన్న మూతలో ఉప్పు వేసి, కొద్ది చుక్కల నీటితో ముద్దలా తడపండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ మూతను, సెన్సారును గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఉప్పు సెన్సారుకు తగలకుండా ఎనిమిది నుండి పన్నెండు గంటలు ఉంచండి. లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. సెన్సారు 70 చూపితే అది 5 తక్కువ చూపుతున్నదని అర్థం.

నాలుగవది, షెడ్డులో ఉంచి ఒక పూట పరీక్షించండి. అట్ట మీద వంద మీటర్లు అని రాసి ఉన్నా అది ఖాళీ మైదానంలో లెక్క. ఇటుక గోడలు ఆ దూరాన్ని బాగా తగ్గిస్తాయి. రేకు గోడలు, ఇనుప జాలీ రేడియో అలలను ఇంకా ఎక్కువగా అడ్డుకుంటాయి. ఊజీ ఈగ కోసం కట్టే నైలాన్ వల అడ్డు కాదు. అంకె రాకపోతే సెన్సారును ఇంటివైపు కిటికీకి దగ్గరగా జరపండి. అప్పటికీ రాకపోతే పొడవు తీగ చివర కొలత మొన ఉన్న రకం తీసుకోండి. డబ్బాను బయట చూరు కింద నీడలో కట్టి, మొనను మాత్రం లోపలికి దించవచ్చు. తీగ దూర్చిన రంధ్రాన్ని దూదితో గట్టిగా మూయండి, లేదంటే ఊజీ ఈగకు దారి దొరుకుతుంది.

పక్క షెడ్డు రైతు కూడా అదే రకం యంత్రం కొంటే ఆయన సెన్సారు అంకె మీ తెర మీదికి రావచ్చు. ఇద్దరూ మాట్లాడుకొని వేర్వేరు చానళ్ళు పెట్టుకోండి.

చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే తీగల పద్ధతిలో సొంతంగా కూడా అమర్చవచ్చు. డీఎస్18బీ20 అనే చిన్న సెన్సారుకు ఒక్కొక్క దానికి వేరు వేరు గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందువల్ల ఒకే మూడు పోగుల తీగ మీద ఎన్నో చోట్ల వీటిని కట్టవచ్చు. దీని కొలతలో తేడా అర డిగ్రీకి మించదు. అయితే ఇది వేడినే కొలుస్తుంది, తేమను కొలవదు. తీగలను ఎలుకలు కొరకకుండా గొట్టంలో నడపాలి.

ఎక్కడ కట్టాలి

మూడు సెన్సార్లు ఉంటే ఈ విధంగా అమర్చండి.

1వ సెన్సారు షెడ్డు బయట, ఉత్తరం వైపు నీడలో, మనిషి ఛాతీ ఎత్తున. దీనికి ఏ వేళా ఎండ తగలకూడదు, వాన తగలకూడదు, రేకుకు ఆనకూడదు.

2వ సెన్సారు షెడ్డు నడిమధ్యన, మధ్య అర ఎత్తున.

3వ సెన్సారు అన్నింటికన్నా ఇబ్బంది కలిగే చోట. ఎండాకాలంలో అది పై అర, పడమటి మూల. చలికాలంలో అది కింది అర, తలుపు పక్క. కావున కాలం మారినప్పుడు ఈ సెన్సారు చోటు కూడా మార్చాలి.

సెన్సారును పడక మీద ఆకుల్లో పెట్టకండి. అక్కడ ఆకు తేమ తెలుస్తుంది గాని గాలి తేమ తెలియదు. పడకకు జానెడు దూరంలో అరల మధ్య తాడుతో వేలాడదీయండి. గోడకు కొట్టకండి, బల్బు కింద, కూలరు ఎదురుగా, హీటరు పక్కన కట్టకండి.

అంకె చూసి ఏం చేయాలి

సెన్సారు షెడ్డును చల్లబరచదు. చల్లబరిచేది మీ చేయి. అంకెను చూసి పని చేయకపోతే యంత్రం గోడకు అలంకారంగా మిగులుతుంది.

ముందుగా బయటి అంకెను, లోపలి అంకెను పక్కపక్కన చూడండి. లోపల 31, బయట 27 ఉంటే కిటికీలన్నీ తెరవండి. బయట 38, లోపల 31 ఉంటే ఎండ వైపు కిటికీలు మూసి గోనె పట్టాలు తడిపి వేలాడదీయండి. ఉదయం ఎప్పుడు మూయాలి, సాయంత్రం ఎప్పుడు తెరవాలి అన్నది గడియారం చూసి కాక ఈ రెండు అంకెలు చూసి నిర్ణయించండి. ఏప్రిల్, మే రాత్రుల్లో బయట చల్లబడ్డాక కూడా షెడ్డు మూసి ఉంచితే రేకు, గోడలు దాచుకున్న వేడి తెల్లవారేదాకా లోపలే ఉంటుంది.

రెండవది తేమ. తడి గోనెలు, కూలరు ఎంత చల్లబరుస్తాయన్నది గాలి ఎంత పొడిగా ఉందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న రోజున నీరు ఆవిరై గాలి 23 డిగ్రీల దాకా చల్లబడే అవకాశం ఉంది. కూలరు అంతవరకూ తేలేకపోయినా బాగా దగ్గరికి తెస్తుంది. అదే వానాకాలంలో 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు ఎంత నీరు చల్లినా 28 కన్నా కిందికి రాదు. పైగా తేమ పెరిగి సున్నపుకట్టు రోగానికి దారి తీస్తుంది. కాబట్టి తేమ 75 దాటి ఉంటే నీరు ఆపండి, గాలి ఆడనివ్వండి, లద్దె తీసి పడక పలుచగా ఉంచండి. జ్వరం సమయంలో పడక ఆరేటట్లు సున్నం పొడి చల్లండి. పండిన పురుగులను చంద్రికల మీదికి ఎక్కించాక తేమ ఎక్కువైతే దారం సరిగా ఊడదు, గూళ్ళకు ధర తగ్గుతుంది.

మూడవది చలి. డిసెంబరు, జనవరిలో రాత్రి కింది అర 20 కన్నా పడిపోతుంటే హీటరు వాడండి. బొగ్గుల కుంపటి పెట్టవలసి వస్తే బయట బాగా రాజేసి, పొగ పోయాకే లోపలికి తెచ్చి, పై కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. మూసిన గదిలో కుంపటి పురుగుకే కాదు, మనిషికీ ప్రాణాంతకం. కుంపటి ఉన్న గదిలో ఎవరూ పడుకోవద్దు.

గంట హద్దులను 4, 5 దశల్లో పైన 28, కింద 22 గా పెట్టుకోండి. 30 దాకా ఆగితే పని మొదలుపెట్టేసరికి ఆలస్యమవుతుంది.

జాగ్రత్తలు

షెడ్డును ఫార్మలిన్, బ్లీచింగ్ పౌడరు, క్లోరిన్ డయాక్సైడు వంటి మందులతో శుద్ధి చేసే ముందు సెన్సార్లన్నీ బయటికి తీయండి. ఆ ఆవిరి తేమ సెన్సారును పాడు చేస్తుంది, తీగల మొనలు తుప్పు పడతాయి. అయితే సెన్సారును తుడవకుండా తిరిగి లోపలికి తీసుకురావద్దు. పోయిన పంటలో పాలరోగం వచ్చి ఉంటే ఆ దుమ్ములోనే రోగం ఉంటుంది. పైడబ్బాను మందు నీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పంట మొదలుపెట్టే ముందు రోజు కట్టండి. ఒకరి షెడ్డు సెన్సారును మరొకరి షెడ్డుకు పంట మధ్యలో అరువు ఇవ్వకండి.

సున్నం పొడి సెన్సారు రంధ్రాల్లో చేరుతుంది. సున్నం చల్లే ముందు గుడ్డ కప్పి, తర్వాత తీసేయండి. ప్రతి పంటకు ముందు బ్యాటరీలు చూడండి. పంట లేని రోజుల్లో బ్యాటరీలు తీసి ఉంచండి, కారిన బ్యాటరీ డబ్బాను తినేస్తుంది. తెర మీద ఒక అంకె గంటల తరబడి కదలకుండా ఉంటే అది నిజమైన అంకె కాదు, సెన్సారు ఆగిందని అనుమానించండి.

ఫోనుకు కబురు పంపే యంత్రాలు కూడా దొరుకుతున్నాయి. కరెంటు పోయినప్పుడు, నెట్‌వర్కు లేనప్పుడు ఆ కబురు రాదు. షెడ్డుకు ఎక్కువ ప్రమాదం కూడా కరెంటు పోయి కూలరు ఆగినప్పుడే. కాబట్టి బ్యాటరీ మీద నడిచి ఇంట్లో గంట మోగించే రకాన్ని వదులుకోవద్దు.

పుస్తకం రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 గంటలకు మూడు సెన్సార్ల అంకెలు రాయండి. ఉదయం రాసేటప్పుడు గడచిన రోజు గరిష్ఠం, కనిష్ఠం రాసుకొని యంత్రంలో చెరిపేయండి. పక్కన పురుగు దశ, జ్వరం, వేసిన మేత, తీసేసిన రోగపు పురుగుల సంఖ్య, చివరికి 100 గుడ్లకు వచ్చిన గూళ్ళ బరువు, అమ్మిన ధర కూడా ఉండాలి. షెడ్డు పని ఎక్కువగా చూసుకునేది ఇంటి ఆడవారు. పుస్తకం వారి చేతిలో ఉంటేనే సక్రమంగా నడుస్తుంది. కావున యంత్రం చదవడం, హద్దులు పెట్టడం వారికే ముందుగా నేర్పండి.

మూడు నాలుగు పంటలు రాశాక ఆ పుస్తకం మీకు చాలా విషయాలు చెబుతుంది. రేకు మీద చెత్త కప్పడం, సున్నం పూయడం, పడమటి వైపు నీడ వల కట్టడం, వీటిలో దేనివల్ల మీ షెడ్డు ఎన్ని డిగ్రీలు తగ్గిందో మీ అంకెలే చూపుతాయి. ఎవరో చెప్పారని డబ్బు ఖర్చు చేయనవసరం ఉండదు. మీ షెడ్డులో ఏ నెలలో పంట పెట్టడం మంచిదో, ఏ నెలలో ఆగడం మంచిదో కూడా తెలుస్తుంది. పంట పోయినప్పుడు గుడ్ల దోషమా, ఆకు దోషమా, వేడి దోషమా అని తేల్చడానికి కూడా ఆ పుస్తకమే ఆధారం.

చివరిగా ఒక మాట. యంత్రం వచ్చిందని షెడ్డులోకి వెళ్ళడం మానకండి. పురుగు తల ఎత్తి ఉందా, ఆకు మీదికి చురుకుగా వస్తోందా, పడక వాసన ఎలా ఉంది అన్నవి ఏ సెన్సారూ చెప్పదు. కంటితో చూసినది, యంత్రం చెప్పినది రెండూ కలిపి నిర్ణయం తీసుకోండి. ముందుగా ఒక్క సెన్సారు పెంచి, ఒక పంట చూసి, లాభం కనిపించాకే మిగతావి కొనండి.

సందేహాలు ఉన్నవారు తమ జిల్లా పట్టు పరిశ్రమ కార్యాలయంలో గాని, తమ గ్రామానికి వచ్చే క్షేత్ర సిబ్బందిని గాని అడగవచ్చు. వచ్చేటప్పుడు మీ నోటు పుస్తకం వెంట తీసుకురండి.